వేళ్లకు అంటిన రంగు

ఎనిమిదో తరగతిలో మాకు కన్నడ చెప్పిన మేష్ట్రుది తుమకూరు వైపు. తెలుగు ఒక్క ముక్క రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడికొచ్చి కన్నడ చదివే కర్ణాటక అంచున ఉన్న మా పావగడ తాలూకా పిల్లలంటే ఆయనకు చులకన. పల్లెల నుంచి దుమ్ముకాళ్లతో నడిచొచ్చే రైతుల పిల్లలంటే మరీను. నన్ను మాత్రం మెచ్చుకునేవాడు. మా నాన్నకు బస్టాండు దగ్గర బట్టల అంగడి ఉండేది. నా యూనిఫారం ఎప్పుడూ కొత్తగా ఉండేది, నా కన్నడం తడబడేది కాదు.

ఆ ఏడు పాఠ్యపుస్తకంలో ఒక చిన్న కథ ఉండేది. ఒక ముసలమ్మ కూతురి ఇంటికి వస్తుంది. అన్నం తినమంటే తినే వచ్చానంటుంది. కానీ ఇంట్లోవాళ్లు తింటున్నంతసేపూ ఆమె చూపు కుండ మీదే ఉంటుంది. అంతే కథ.

"ఆమె ఎలాంటిది?" అని అడిగాడు మేష్ట్రు.

ఒకడు దొంగ అన్నాడు, వాడి చేతి మీద బెత్తం పడింది. ఇంకొకతె దిష్టి పెట్టేదన్నది, ఆమెకూ పడింది. నేను లేచి, "ఆమెకు ఆకలిగా ఉంది, కానీ అభిమానం గల మనిషి" అన్నాను.

"ఆ మాట పుస్తకంలో ఎక్కడుంది?"

"లేదు సార్. ఆమె మాట ఒకటి, చూపు ఒకటి. ఆ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది."

ఆయన క్లాసంతా వినేలా చప్పట్లు కొట్టాడు. మనిషి ఏం చేస్తాడు, ఏం మాట్లాడతాడు, ఏం దాస్తాడు, ఈ మూడూ చూస్తే గుణం దానంతట అదే బయటపడుతుందని చెప్పాడు. మరునాటికి మాకొక పని పెట్టాడు. క్లాసులో ఒకరిని గమనించాలి. పేరు చెప్పకుండా మూడు సంగతులు చెప్పాలి. అది ఎవరో, ఎలాంటివాళ్లో మిగతావాళ్లు పోల్చుకోవాలి.

నేను వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లను ఎంచుకున్నాను. రెండు మైళ్ల అవతలి పల్లె నుంచి వచ్చేది. నల్లగా, పొడుగ్గా, ఎవరితోనూ కలవకుండా ఉండేది. ఆమెతో నాకు తగాదా ఏమీ లేదు. చూడటానికి ఆమెలో ఏదో ఉందనిపించింది, అంతే.

మరునాడు మేష్ట్రు మొదట నన్నే లేపాడు. నేను వేళ్లు మడిచి చెప్పాను. మధ్యాహ్నం గంట కొట్టగానే ఆమె అందరితో కూర్చోదు, ఒక్కతే బడి వెనక గోడ చాటుకు పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు మూతి తుడుచుకుంటూ వస్తుంది. ఆమె వేళ్లకు, పెదవులకు ఎర్రటి రంగు ఉంటుంది.

"అయితే మనకేం అర్థమవుతోంది?" అన్నాడు మేష్ట్రు నవ్వుతూ.

"గోడ చాటున ఎవరి కోసమో ముస్తాబవుతోంది సార్."

ముందు బెంచీలు ఒక్కసారి గొల్లుమన్నాయి. మేష్ట్రు కూడా నవ్వాడు. తర్వాత ఆ పిల్లను లేపి ముందుకు పిలిచాడు. చేతులు చాపమన్నాడు. ఆమె చాపింది. వేళ్ల చివర్లు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులను మూడు వరుసలకూ తిప్పి చూపించమన్నాడు. ఆమె తిప్పి చూపించింది.

"ఎవరి కోసం ఇదంతా?" అని అడిగాడు.

ఆమె నేలను చూస్తూ నిలబడింది.

"చూశారా, మాట్లాడకపోవడం కూడా జవాబే" అన్నాడు ఆయన మాతో. పాఠం బాగా కుదిరిందన్న సంతోషం ఆయన ముఖంలో కనిపించింది. నాకూ సంతోషంగానే ఉంది. రైతుల పిల్లలు ఒక్కరూ నవ్వలేదు. నేను చెప్పింది వాళ్లకూ నిజమనిపించింది కాబోలు, అందుకే నోరు మెదపడం లేదనుకున్నాను.

సోమవారం సంతలో ఆ మాట ఆమె తండ్రి చెవిన పడింది. మంగళవారం నుంచి ఆమె బడికి రాలేదు. తండ్రి నడివీధిలో కొట్టాడని, జుట్టు కత్తిరించారని పిల్లలు చెప్పుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను.

వారం తర్వాత, నా బెంచీలోనే కూర్చునే ఒక రైతు పిల్ల మధ్యాహ్నం బోరింగు దగ్గర నన్ను ఆపింది.

"ఏమే, నిజంగానే నీకు తెల్దా?"

"ఏంది?"

"అది విత్తనం పప్పుకు పూసే మందు రంగు. గవర్మెంటోళ్లు ఇచ్చిన చెనక్కాయ విత్తనం. వాన రాక యెయ్యలేదు కదా. కడిగి, యేంచుకోని తింటాండారు. ఎంత కడిగినా ఆ రంగు పోదు."

వరుసగా మూడో ఏడు వాన లేదు. ఆ సంగతి నాకూ తెలుసు. అంగడిలో బేరం లేదని నాన్న సణిగేవాడు. కరువంటే మా ఇంట్లో అంతే. విత్తనపు వేరుశనగ ఏ రంగులో ఉంటుందో నేను ఎన్నడూ చూడలేదు.

"మందు పూసింది తింటే ఏం కాదా?"

"వాంతులయితాయి. మా తమ్మునికి రెండుసార్లు అయినాయి."

"మీ ఇంట్లో కూడానా?"

ఆమె చేతులు లంగాకు రుద్దుకుంది.

"మరి ఆ పొద్దు క్లాసులో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మేష్ట్రు మా చేతులూ చాపమంటాడు కదప్పా."

నేను నేరుగా మేష్ట్రు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. తలెత్తకుండా విన్నాడు. "ఊహ అన్నాక ఒక్కోసారి తప్పుతుంది. పరీక్షలో కథ వస్తుంది, మనుషులు రారు. నువ్వు భయపడకు" అన్నాడు. నేను ఏడ్చాను. ఆ పిల్ల కోసమా, ఆయన నన్ను తిట్టనందుకా, ఇప్పటికీ తెలియదు.

ఆదివారం నా బెంచీ పిల్లను బతిమాలి, ఆమె వెంట ఆ పల్లెకు నడిచాను. క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఇంటి ముందు ఆ పిల్ల తల్లి ఎండుకంప విరుస్తోంది. నా బట్టలు చూసి లేచి నిలబడింది.

"బడిలో పిల్లోళ్లా? రాండమ్మా, ఈడ నీడకు కూచోండి."

చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. నా పక్కనే కూలబడి గొంతు తగ్గించింది.

"బిడ్డ నాయనకు తెల్దా, అది మందు రంగని? ఆయప్పే కదా దాన్ని కడిగి పెట్టిండేది. విత్తనం తినేసినామని ఆఫీసులో తెలిస్తే మల్ల యేడు ఇయ్యరు. ఊరంతా వచ్చి నిలబడి అడిగితే ఏం చెప్పల్ల? చెప్పలేక బిడ్డను కొట్టినాడు. తప్పు లేదని తెలిసే కొట్టినాడమ్మా."

నేను చెంబు కింద పెట్టాను.

"ఆ మాట పుట్టించింది ఎవరు? నీకు తెలిసుంటాది. చెప్పమ్మా, ఆ ఇంటి ముందర పోయి మన్ను పోసి వస్తా."

అప్పుడే ఆ పిల్ల లోపలి నుంచి వచ్చి గడపలో నిలబడింది. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది. చెంప మీద తాడు చార కమిలి నల్లబడింది. నన్ను చూసింది.

"నాకు తెలీదమ్మా. వెనక నుంచి ఎవరో అన్నారు" అన్నాను.

నా బెంచీ పిల్ల నేల మీద పుల్లతో గీతలు గీస్తోంది.

తల్లి కూతురి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పవేమే? ఎవురే అన్నింది?"

"నేనూ సూడలేదు" అంది ఆ పిల్ల.

చాలాసేపు నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉందో, జాలి ఉందో, మళ్లీ గొడవై దెబ్బలు పడతాయన్న భయం ఉందో నేను పోల్చుకోలేకపోయాను. అంత దగ్గరగా ఉండి కూడా.

ఊరి చివరి దాకా మా వెంట వచ్చింది. కూర్చుకున్న మాటలు ఒక్కటీ నా నోట రాలేదు. కంచె దగ్గర ఆగి, మామూలు గొంతుతోనే అంది:

"మల్ల మా ఊరికి రావాకు."

వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండానే వాళ్లు ఇల్లు మూసి బెంగళూరుకు ఇటుకలు మోసే పనికి పోయారు. వార్షిక పరీక్షలో ఆ ముసలమ్మ కథే వచ్చింది. నేను రెండు పేజీలు రాశాను. నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. నాన్న అంగడిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆ సెలవుల్లో కొత్త లంగా కుట్టించాడు, నేను కట్టుకున్నాను.

పదేళ్ల తర్వాత పావగడ బస్సులో నా బెంచీ పిల్ల కనిపించింది. చంకలో బిడ్డ ఉంది. మాటల మధ్య ఆ వెనక బెంచీ పిల్ల సంగతి వచ్చింది. బెంగళూరులోనే ఉంటోందట. మొగుడు సెంట్రింగు పనిచేస్తాడట, ఇద్దరు పిల్లలట. ఉగాదికి వచ్చినప్పుడు కలిసిందట.

"నా గురించి ఏమైనా అడిగిందా?" అన్నాను.

"లేదు" అంది ఆమె. బిడ్డకు కిటికీలోంచి గొర్రెల మందను చూపిస్తూ.