పొట్టి మాటలు పనికిరావు

టీ తాగుతారా అని ఇంటావిడ అడిగితే, సామాన్లు మోసే మేస్త్రీ "ఆ" అన్నాడు. అనగానే మెట్ల మీంచి దించుతున్న ఇనప బీరువా ఒక మెట్టు దిగి వచ్చి ఆయన కాలి బొటనవేలి మీద కూర్చుంది. పైకొస పట్టుకున్నది ఆయన అల్లుడు. అతనిది వేరే భాష. అందులో "ఆ" అంటే రమ్మని. మామగారు రమ్మన్నారు కదా అని వచ్చాడు పాపం. అప్పటినుంచి చేతిలో బరువున్నంతసేపూ పొట్టి మాటలు బంద్. మేస్త్రీకి మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది, తాడు ముడిని కూడా తిట్టి మరీ బిగిస్తాడు. అలాంటి మనిషి ఇప్పుడు మెట్టు మెట్టుకీ పళ్లు కొరుకుతూ, "అల్లుడుగారూ, నేను గట్టిగా పట్టుకున్నాను, మీరొక మెట్టు దిగండి" అంటాడు. "దిగాను మామయ్యా, ఇప్పుడు మీరు దిగండి" అని అతను కూడబలుక్కుని చెప్పేదాకా కదలడు.

నిన్న ఒక మేడ మెట్ల మలుపులో అల్లుడు కింద చతికిలబడి బీరువా అడుక్కి చేతులు పోనిస్తున్నాడు. మేస్త్రీ పైన ఉన్నాడు. మేస్త్రీ వెనకనుంచి ఇంటాయన విసుగ్గా, "ఎంతసేపు బాబూ? లే, లే!" అన్నాడు. అల్లుడి భాషలో అది తీసుకోమనడం. అతను తీసుకున్నాడు. బీరువా మొత్తం అతని మీదికి ఒరిగింది. మేస్త్రీ దాన్ని ఛాతీకి లాక్కుని ఆపాడు. మెడ నరాలు ఉబ్బిపోయాయి.

"నోరు ముయ్యండి సార్!"

"నా ఇంట్లో నన్నే మాట్లాడొద్దంటావేంటయ్యా?"

"మాట్లాడండి సార్, ముందు కిందికెళ్లి మా అల్లుడి చోట నిలబడండి."