అత్త అడిగిన ప్రశ్నలు

మా మేనత్త పోయింది. కంచరపాలెం రైల్వే గేటు పక్కన ఇడ్లీ కొట్టు నడిపిన మనిషి. మొన్న పొద్దున్నే పొయ్యి వెలిగించి, కాస్త నలతగా ఉందని కూర్చుని, మళ్లీ లేవలేదు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. మంచి మాటలకు పడిపోయే రకం కాదు కాబట్టి జరిగిందే రాస్తాను.

నేను పుట్టినప్పుడు ఆడపిల్ల అన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను మగవాణ్నే. ఆ మాట బయటపెట్టిన రోజు నుంచి నాన్న నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన అక్క, అంటే మా అత్త, నన్ను తన ఇంటికి తెచ్చుకుంది. ఛాతీకి బిగించి గుడ్డ చుట్టుకుని వెల్డింగు పనికి పోయేవాణ్ని. ఒకరోజు ఊపిరాడక కొట్టు ముందే కూలబడ్డాను. గుడ్డ విప్పింది అత్తే. ఒరుసుకుపోయిన చర్మం చూసి ఏడ్చింది, ఆ తర్వాత కోపం తెచ్చుకుంది. ఆపరేషన్ చేసి రొమ్ములు తీసేస్తారట అని నేను చెబితే, డాక్టరు దగ్గరికి తనే ముందు బయల్దేరింది.

ఆసుపత్రిలో నేను అడగాల్సినవి కూడా అత్త అడిగింది, వరండాలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేలా. నొప్పి ఎన్నాళ్లుంటుంది, పక్కన గొట్టాలు పెడతామంటున్నారు ఎందుకు, స్నానం ఎప్పుడు, బోర్లా పడుకోవచ్చా, స్పర్శ తిరిగొస్తుందా. డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. లోపల చేరే నీరు పోవడానికి గొట్టాలు, కొద్దిరోజుల్లో తీసేస్తారు. కొన్ని వారాలు వెల్లకిలా పడుకోవాలి, బిగుతు బనీను వేసుకునే ఉండాలి, చేతులు భుజాలు దాటి ఎత్తకూడదు. స్పర్శ కొంత రావచ్చు, పూర్తిగా వస్తుందని మాటివ్వలేనన్నాడు. గొంతు తగ్గించమని నేను అత్త చెయ్యి గిల్లాను.

"సిగ్గేటిరా? మనం దొంగతనానికొచ్చామేటి? అడుగుతాను," అని డాక్టరు వైపు తిరిగింది. "మచ్చలు పోతాయా బాబూ?"

రంగు తగ్గుతుంది కానీ పూర్తిగా పోవు, మొదట్లో ఎండ తగలనివ్వకండి అన్నాడాయన.

"ఉంటే ఉండనీ. మరి బరువులెప్పుడెత్తుతాడు? ఈడు వెల్డింగు పనోడు."

గాయం మానాక తను చూసి చెబుతానన్నాడు.

ఆపరేషన్ అయ్యాక ఆ వారాలన్నీ నాకు తల దువ్వింది, చొక్కా తొడిగింది. ఒకవైపు వాపు ఎక్కువగా ఉందని నేను బెంగపడితే ఓదార్చలేదు. టెలిఫోన్ బూత్ నుంచి డాక్టరుకు ఫోన్ చేసి, ఆటో ఎక్కించి తీసుకుపోయింది. ఇడ్లీలకొచ్చినవాళ్లు పిల్లకేమైందని గుచ్చి గుచ్చి అడిగితే ఒకటే జవాబు.

"పిల్ల కాదు, మా మేనల్లుడు. ఆడికి అక్కర్లేనిది తీయించుకున్నాడు. సట్నీ ఎయ్యమంటారా?"

తన పాడె మోసేవాళ్లలో నేనుండాలని అత్త ఎప్పుడో చెప్పింది. తీరా పాడె కట్టాక మా పెద్దలు అడ్డొచ్చారు. ఆడపిల్ల పాడె మోయడమేమిటన్నారు. నాన్న పాడె తాళ్లు బిగిస్తూ ఉండిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు నన్నేమన్నా పడ్డాను, ఆవిడ మాట కాదంటే మాత్రం పడదలచుకోలేదు. మిగతా ముగ్గురూ చొక్కాలు విప్పి తువ్వాళ్లు నడుముకు కట్టుకుంటున్నారు. నేనూ విప్పాను. ఛాతీ మీద అటొకటి, ఇటొకటి మచ్చలు. పెద్దలు మొహాలు తిప్పుకున్నారు.

నిప్పుల కుండ పట్టుకుని ముందు నిలబడ్డ అత్త కొడుకు వెనక్కి తిరిగాడు. ఎన్నడూ నన్ను వరసపెట్టి పిలిచినవాడు కాదు.

"ముందుపక్క నువ్వట్టుకో బావా. మాయమ్మ నీకే సెప్పింది."

మేం వెళ్లేసరికి రైల్వే గేటు పడింది. పోర్టుకు బొగ్గు కోసం పోయే గూడ్సు. కాసేపు దించుదామని ఎవరో అంటే నేను వద్దన్నాను. స్కూటర్ల మీద, ఆటోల్లో ఆగినవాళ్లంతా నా ఛాతీ వైపే చూస్తున్నారు. చూడనీ. పక్కన తలుపులు మూసిన ఇడ్లీ కొట్టు. ఎండ సూటిగా మచ్చల మీద పడుతోంది. నా భుజం మీద అత్త బరువుంది. గూడ్సు ఎంతకీ తరగలేదు.