అక్క పంపిన గొర్రె తోళ్లు

ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉప్పళం పేట చివర మాకు తోళ్లు పదునుచేసే చిన్న పాక ఉండేది. పచ్చితోలును సున్నపు తొట్టిలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు పట్ట నీళ్లలో ఊరేసేవాణ్ణి. తయారైన తోళ్లను రేవు దగ్గరి వర్తకుడు ఓడకెక్కించేవాడు.

మా అక్క అరియాంకుప్పంలో ఉండేది. బావ పోయాక ఆమెకు మిగిలింది గొర్రెల మందే. ఒక ఏడు కసాయి కోసిన తన గొర్రెల తోళ్లన్నీ నాకే పంపింది. బొచ్చు మీద ఉన్నంతసేపూ చూడముచ్చటగా ఉన్నాయి. సున్నంలోంచి తీసి గీకాక అసలు సంగతి బయటపడింది. మెడ కింద, తొడల లోపలా అన్నీ గుంటలే. పిడుదులు కరిచి నెత్తురు తాగిన చోట్లు అవి. దురదకు ముళ్లకంచెకేసి రుద్దుకున్న గీతలు వేరే. ఎండకెత్తి పట్టుకుంటే కొన్ని గుంటల్లోంచి వెలుతురు కనిపించింది.

వర్తకుడు వేళ్లతో నిమిరి పక్కన పెట్టేశాడు. "చెప్పుల లోపలి అస్తరుకి కూడా పనికిరావు. గొర్రె బతికుండగానే చూసుకోవాల ఇది," అన్నాడు.

ఏరు దాటి అరియాంకుప్పం వెళ్లేసరికి అక్క దొడ్లో కూర్చుని ఒక గొర్రె చెవి మడిచి పిడుదులు పీకుతోంది.

"ఏందిరా, మొగం అట్లుంది?"

"తోళ్లు చెడిపోయినాయక్కా. పిడుదులు."

"దినమూ పీకతానే ఉండానే. యాడ తప్పు చేసినా?"

ఇద్దరం పొగాకు కాచి, ఆ నీళ్లు గొర్రెల ఒళ్లంతా రుద్దాం. పిడుదులు రాలిపోయాయి. అక్క మొహం తేటపడింది. కానీ ఊళ్లో మందలన్నీ మేసేది ఒకే బీడులో. పక్క మందల నుంచి మళ్లీ పట్టాయి.

మిగతా కాపరులను కూడా మందు రుద్దమని అడగడానికి వెళ్లాను. వాళ్లలో పెద్దాయన ఓపికగానే విన్నాడు.

"నీకు తోలు కావాల నాయనా. మేం అమ్ముకునేది కూర. పిడుదు కరిస్తే కూర చేదవుతుందా?"

వెనక్కి వచ్చి అక్క మందకే మళ్లీ మందు రుద్దుతూ వచ్చాం.

తర్వాత ముసురు పట్టింది. రుద్దిన మందు రుద్దినట్టే కొట్టుకుపోయేది. అందుకని చిక్కగా కాచి రుద్దాం. ఒక చూడి గొర్రె ఆ తడి ఒళ్లు నాక్కుని, నురగ కక్కి పడిపోయింది. అక్క దాని తల ఒళ్లో పెట్టుకుంది. విరుగుడని చింతపండు నీళ్లు పట్టాను. గొంతు దిగలేదు.

"ఇంక చాల్రా," అంది, అది చనిపోయాక. "పురుగు తింటే తినిపోనీ. బతికన్నా ఉంటాయి."

ఆ తర్వాత ఆమె నాకు తోళ్లు పంపలేదు, కసాయికే వదిలేసింది. అతని దగ్గర పదిమంది మందల తోళ్లూ కలిసిపోయి, చివరికి నా తొట్టికే వచ్చేవి. బొచ్చు గీకిన ప్రతిసారీ గుంటలు బయటపడేవి. అందులో అక్కవి ఏవో నాకు తెలిసేది కాదు.