గోడ లోపలి పాలకూర

వెంకటనర్సయ్యంత పిరికి మనిషి షేక్‌పేట మొత్తంలో మరొకరు లేరని అతని భార్య బుచ్చమ్మే చెప్పేది. ఖాకీ బట్టలు కనిపిస్తే చాలు, వచ్చేది పోస్ట్‌మ్యాన్ అయినా సరే పక్క సందులోకి తప్పుకునేవాడు. బస్సులో కండక్టర్ అడక్కముందే టికెట్ తీసి చూపించేవాడు. ఇలాంటి మనిషికి దేవుడు ఎక్కడో మారుమూల కాస్త నేల ఇచ్చి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. సరిగ్గా ఫిలింనగర్ గుట్ట కింద, గజం ధర అడిగినవాడికి కళ్ళు తిరిగే చోట ఇచ్చాడు.

ఎకరానికి తక్కువే. ఒక మూల బావి, మిగతాదంతా పాలకూర, గోంగూర, మెంతికూర, కొత్తిమీర. తెల్లవారుతూనే అతను కోసి కట్టలు కడితే, బుచ్చమ్మ గంప నెత్తిన పెట్టుకుని కృష్ణానగర్ సందుల్లోకి నడిచేది. అక్కడి ఇరుకు గదుల్లో ఉండే డాన్సర్లు, లైట్‌మెన్‌లు, వేషం కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్ళు ఆమె గొంతు వినగానే మెట్లు దిగేవారు. షూటింగ్ లేని రోజుల్లో వాళ్ళకు ఆ ఆకుకూరే పప్పులోకీ, కూరలోకీ. జూబ్లీహిల్స్ బంగళాల వంటవాళ్ళు కూడా కొనేవారు. గీసి గీసి బేరమాడేది మాత్రం వాళ్ళే.

నేల పట్టా వెంకటనర్సయ్య పేరున లేదు. అతని తండ్రి ఒక దొర భూమిని కౌలుకు దున్నేవాడు. నిజాం పోయాక వచ్చిన చట్టం అలాంటివాళ్ళను రక్షిత కౌలుదార్లని గుర్తించింది. దున్నుకుంటున్న మనిషిని ఎవరూ ఊరికే వెళ్ళగొట్టకూడదన్నమాట. తండ్రి ఆ చట్టాన్ని చదవలేదు గానీ, తనకు అర్థమైనంత కొడుక్కి చెప్పి పోయాడు. మడి పచ్చగా ఉన్నన్ని రోజులే నువ్వు రైతువి, బీడు పడితే నువ్వెవరో ఎవరికీ తెలియదు అని. పక్క చెక్క భూమిని దున్నుకునే బాలనర్సయ్య విషయంలో సరిగ్గా అదే జరిగింది. ఎవరో వచ్చి కంచె వేస్తున్నారని ఫిర్యాదు చేయడానికి తహసీల్దారు ఆఫీసుకు పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి గేటుకు తాళం. లోపల ట్రాక్టర్ తిరిగి వంకాయ తోట మట్టిలో కలిసింది. ఆ తర్వాత ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళు, ఇక్కడ సాగే లేదు కదా అని తేల్చేశారు. ఇప్పుడు అక్కడ సాఫ్ట్‌వేర్ పిల్లల కోసం కట్టిన అపార్ట్‌మెంట్ ఉంది. దాని వాచ్‌మన్ బాలనర్సయ్యే. అటువైపు వెళ్ళాల్సి వస్తే వెంకటనర్సయ్య చుట్టుదారిన పోయేవాడు.

ఇంత భయం ఉన్నవాడు తన మడి గట్టు మీద గోడ లేస్తుంటే ఎలా ఊరుకున్నాడని మీరు అడుగుతారు. ఎవరైనా అడుగుతారు. కానీ ఫిలింనగర్ గుట్ట కింద బతికినవాళ్ళు అడగరు. అక్కడ గోడలు లేవడం, పడిపోవడం వింత కాదు. ఒకసారి ఆ రాళ్ళ మధ్య పెద్ద గుడే వెలిసింది. బుచ్చమ్మ రోజూ దండం పెట్టుకుంది. షూటింగ్ అయిపోయాక గోపురాన్ని ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని లారీ ఎక్కించారు. ఇంకోసారి కెమెరా ముందు నుంచి పొరపాటున నడిచి వెళ్ళినందుకు వెంకటనర్సయ్యను మైకులో అందరి ముందూ తిట్టారు. అప్పటి నుంచి షూటింగ్ వాళ్ళున్న దరిదాపులకు పోడు.

అందుకే లారీలు దిగినప్పుడు దూరం నుంచే షూటింగా అని కేకేసి అడిగాడు. మేస్త్రీ నవ్వి, పెద్ద షూటింగే అన్నాడు. ఆ ముక్క చాలు మనవాడికి. నీళ్ళు కావాలంటే తన బావి మోటారే వేసి ఇచ్చాడు. సినిమా వాళ్ళు వెళ్ళేటప్పుడు ఏమైనా ఇచ్చిపోతారని ఆశ కూడా పడ్డాడు. మూడు వైపులా గోడ లేచింది. దారి వైపు కూడా ఒక సందు మిగిల్చి చాలావరకు లేచింది. అతను మాత్రం కలుపు తీసుకుంటూ కూర్చున్నాడు.

ఒక ఉదయం మేస్త్రీ గట్టు దాకా వచ్చి, మోటారు మళ్ళీ వెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే, "గోడకు నీళ్ళు పట్టాలె గదా పెద్దాయనా, లేకుంటే పగుళ్ళిస్తది" అన్నాడు.

వెంకటనర్సయ్య చేతిలోని కొడవలి జారిపోయింది. సినిమా వాళ్ళ అట్ట గోడకు నీళ్ళు పట్టేవాడు ఉండడు. నడిచాడో పరుగెత్తాడో, వెళ్ళి గోడను రెండు చేతులతో నెట్టాడు. కదల్లేదు. భుజంతో నెట్టాడు. ఇటుక గరుకుకు చర్మం లేచింది. తన బావి నీళ్ళతోనే తన నేల చుట్టూ గోడ కట్టించుకున్నానని అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడ్డాడు.

కాసేపటికి తెల్ల కారు వచ్చింది. దిగిన మనిషి తిట్టలేదు, అరవలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. వెనక సీట్లో ఇద్దరు కుర్రాళ్ళు కాళ్ళ దగ్గర ఇనుప రాడ్లు పెట్టుకుని పాన్ నములుతున్నారు. "స్థలం మేం కొన్నామండీ. సాయంత్రానికి ఈ వైపు మూసేస్తారు. మీ సామాన్లు తీసుకుని వెళ్ళిపోండి. రేపు ట్రాక్టర్ వస్తుంది" అని చెప్పి, వెంకటనర్సయ్య భుజం తట్టి, అతను కారెక్కాడు. వెంకటనర్సయ్య తన పంచె తడిసిందని చూసుకున్నాడు. సిగ్గుపడే ఓపిక కూడా లేకపోయింది.

కబురు విని బుచ్చమ్మ ఖాళీ గంపతో వచ్చింది. పోలీసుల దగ్గరికి పోదామంది. పోనీ ఆఫీసుకు పోదామంది. అతను తల అడ్డంగా ఊపాడు. బాలనర్సయ్య పోయిందీ అక్కడికే. మరి ఏం చేద్దామని ఆమె నిలదీస్తే, పారిపోదామన్న మాట అతని నోటిదాకా వచ్చింది. నిజంగానే లేచాడు. గోడకు మిగిలిన సందు దాకా నడిచాడు. ఒక కాలు బయట పెడితే అయిపోయేది. ఈ భయమూ, ఈ వణుకూ అన్నీ అక్కడితో పోయేవి. అవతల బుచ్చమ్మ చెయ్యి చాచింది.

అతను ఆ చెయ్యి పట్టుకోలేదు. వెనక్కి తిరిగి పాలకూర మడిలో కూర్చున్నాడు.

సాయంత్రమైంది. మేస్త్రీ సందు దగ్గర తాపీ పట్టుకుని నిలబడ్డాడు. అతనిది పాలమూరు. అతనిక్కూడా ఊళ్ళో చేనుంది, బోరు ఎండిపోయి పట్నం వచ్చాడు.

"బయటికి రా పెద్దాయనా. మూసేస్తున్న."

"మూసుకో" అన్నాడు వెంకటనర్సయ్య. పళ్ళు కొట్టుకుంటుంటే మాట సరిగ్గా రాలేదు. "నేను దున్నుకునేటోణ్ణి. రేపు ట్రాక్టరొస్తే మడిల మనిషుంటడని చెప్పు మీ సార్‌కు."

మేస్త్రీ తల వంచుకుని ఇటుక మీద ఇటుక పెట్టసాగాడు. తొందరపడలేదు. గోడ మోకాలి ఎత్తు లేచింది, నడుము ఎత్తు లేచింది. వెంకటనర్సయ్య కోసిన కూరను కట్టలు కడుతున్నాడు. వేళ్ళు వణికి నార జారిపోతోంది. మళ్ళీ చుడుతున్నాడు, మళ్ళీ జారుతోంది. గోడ ఛాతీ దాకా వచ్చేసరికి లేచి, కట్టలన్నీ దాని మీదుగా బుచ్చమ్మ గంపలోకి ఒక్కొక్కటే అందించాడు.

ఆమె ఏడుస్తూనే అందుకుంది. చివరి కట్ట అందుకుని, ఇంకా ఉన్నాయా అని అడిగింది.

"ఉన్నయ్" అన్నాడతను. "పొద్దుగాల రా. గీడికే."