కొబ్బరినూనె పోసిన ఫ్రీవీలు

మా టౌన్‌హౌస్‌ల వెనక చెత్త పడేసే చోట ఆ సైకిలు కనబడినప్పుడు దాని మీద తుప్పు తప్ప ఏమీ లేదు. ఏమీ లేదనడం అన్యాయం. చైనులో ఎండుటాకులు, సీటు కింద ఒక సాలెపురుగు సంసారం కూడా ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసి పోతున్న వాళ్లెవరో పాత పరుపుకు ఆనించి వదిలేశారు. ఆడవాళ్ల సైకిలు. మధ్యలో కిందికి వంగిన ఇనపకడ్డీ, ఎద్దుకొమ్ముల్లా వెడల్పైన హ్యాండిలు, దాని మీద మూగబోయిన బెల్లు. చేతిలో ఉన్న చెత్తసంచి అక్కడ పెట్టి, సైకిలు నడిపించుకుంటూ ఇంటికొచ్చాను.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన మా ఆయన గరాజ్‌లోకి కారు పోనివ్వబోయి ఆపేశారు.

"ఏంటే ఇది?"

"సైకిలండీ. మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు."

"డంప్‌స్టర్ దగ్గరవి తేవద్దని చెప్పానా లేదా? బెడ్‌బగ్స్ ఉంటాయి."

"ఇనుము తిని బతికే నల్లులైతే మనకేం భయం లేదు. నా ఒంట్లో ఐరన్ లేదని డాక్టరమ్మ చెప్పిందిగా."

ఆయన నవ్వలేదు గానీ కారు బయటే పెట్టుకున్నారు. నవ్వకుండా ఒప్పుకోవడం ఆయన పద్ధతి.

అమెరికాలోని ఈ బెంటన్‌విల్‌లో కాళ్లు ఉండి పెద్దగా ప్రయోజనం లేదు. కారు ఉండాలి, అది నడపడం రావాలి. నాకు మా ఆయనే నేర్పించబోయారు. కొన్నాళ్లు పోయాక, పెళ్లి నిలబడాలంటే డ్రైవింగ్ ఆగాలని ఇద్దరం ఒక అవగాహనకు వచ్చాం. ఆయన వీసా వెనక వచ్చిన దాన్ని, ఉద్యోగం చేయకూడదు. చేయొచ్చన్నా తొమ్మిదో తరగతితో ఆగిపోయిన దానికి ఎవరిస్తారు? కాబట్టి కూరగాయలకు, గుడికి, పుట్టినరోజు పార్టీలకు ఎవరో ఒకరి కారులో పక్కసీటు నాది. "మీరెలాగూ అటే వెళ్తున్నారు కదా" అనే మాట నాకు ఊతపదమైపోయింది. ఈ ఊళ్లో ఎవరు ఎటు వెళ్తున్నా నేనూ అటే వెళ్లాలి.

ఇంకో వింత ఏమిటంటే, ఇదే ఊరు సైకిళ్లకు ప్రసిద్ధి. అడవుల్లోంచి, వాగుల పక్కనుంచి నున్నటి సైకిలు దారులు వేశారు. మనుషులు కార్లలో కూర్చుని, కార్ల నెత్తిన సైకిళ్లు పెట్టుకుని, తొక్కడానికి పోతుంటారు. మా ఇంటి వెనకనుంచే ఒక దారి లైబ్రరీ వైపు పోతుంది.

ఆ లైబ్రరీలో నాకు పని పడింది. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన పెద్దవాళ్లకు జనవరి నుంచి పొద్దుటి పూట క్లాసులు పెడుతున్నారని తెలిసి పేరు ఇచ్చి వచ్చాను. ఆ చదువు పూర్తయితే హైస్కూలు పాసైనట్టే లెక్క. "నేను డ్రాప్ చేస్తాలే" అన్నారు మా ఆయన. ఆ గంటకు ఆయనకు రోజూ మీటింగ్ ఉంటుందని ఇద్దరికీ తెలుసు. పక్కింటి అక్కకు పెద్ద వ్యాన్ ఉంది గానీ అది పిల్లల స్కూలు చుట్టూ తిరిగే వ్యాన్. ఒకరోజైతే అడగవచ్చు. రోజూ అడిగి చదువుకునే చదువు నాకొద్దనిపించింది. ఈసారి వెళ్తే నా అంతట నేను వెళ్లాలి, లేకపోతే మానుకోవాలి.

అందుకని గరాజ్ నేల మీద పాత చీర పరిచి సైకిలు విప్పడం మొదలుపెట్టాను. సోఫా బిగించినప్పుడు మిగిలిన రెంచీలు, మా ఆయన స్క్రూడ్రైవరు, అంతే సామాను. విప్పిన భాగాన్ని విప్పిన వరసలోనే చీర మీద పేర్చేదాన్ని, తిరిగి బిగించేటప్పుడు వెనకనుంచి రావచ్చని. చక్రాల్లోని గుండ్లు దొర్లిపోతాయని ఇడ్లీ ప్లేటు తెచ్చి, ముందు చక్రానివి ఒక గుంటలో, వెనక చక్రానివి ఇంకో గుంటలో పోశాను. ఆ వారం మా ఇంట్లో ఉప్మానే.

రాగిచెంబుకు పనిచేసే చింతపండు మడ్‌గార్డుకు ఎందుకు పనిచేయదని, ఉప్పు కలిపి పట్టించి కాసేపు ఉంచాను. పై తుప్పు వదిలింది. లోపలి మచ్చలకు, మా ఆయన లంచ్‌బాక్సులో చపాతీలు చుట్టిన అల్యూమినియం కాగితం ఉండచేసి నీళ్లలో ముంచి రుద్దాను. ముందు నల్లటి బురద వస్తుంది. అది తుడిస్తే కింద వెండిలాంటి మెరుపు. బెల్లుకు మాత్రం విభూతి. మెత్తటి బూడిదను మించిన పాలిష్ లేదు, శివుడు కూడా ఊరికే పూసుకోలేదు.

రుద్దుతూ కూర్చుంటే చేతులకు పని, మనసుకు తీరిక. తుప్పు బయటినుంచి వచ్చి అంటుకున్న మురికి అనుకునేదాన్ని. కాదు. అది ఆ ఇనుమే. వానలో వదిలేస్తే అది అలా మారింది. రుద్దినప్పుడు పోయేది కూడా దానిలోదే. హ్యాండిలు మీద కొన్నిచోట్ల సన్నటి గుంటలు పడ్డాయి, ఎంత రుద్దినా పూడవు. వేలితో తడిమితే తెలుస్తాయి, దూరంనుంచి చూస్తే మెరుస్తూనే ఉంటాయి. నాలాంటి జోకులేసే మనిషికి ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదనుకున్నాను.

చేతులు ఎంత కడిగినా నలుపు పోయేది కాదు. ఒక పుట్టినరోజు పార్టీలో పక్కింటి అక్క నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. ఆమెది వరంగల్ వైపు.

"ఏందే చెల్లె, గోరింటాకు ఇంత నల్లగ పండింది?"

"మీ మరిది ప్రేమ అక్కా. మరీ ఎక్కువైతే మాడిపోతుంది."

అన్నీ బిగించేటప్పటికి నూనె కావలసివచ్చింది. కొనాలంటే మళ్లీ ఎవరి కారైనా ఎక్కాలి. "మీరెలాగూ అటే" అని ఒక్క డబ్బా కోసం అనబుద్ధి కాలేదు. మా అమ్మ ఒకే సీసాలోంచి కుట్టుమిషనుకు, తలుపు బందులకు, మా తలలకు కొబ్బరినూనె పోసేది. మిషను ఆగలేదు, తలుపు కిర్రుమనలేదు, మా తలల సంగతి వదిలేయండి. వంటింట్లో సీసా ఉండనే ఉంది. రెండు చక్రాల ఇరుసుల్లో, వెనక పళ్లచక్రం లోపలి ఫ్రీవీల్లో ధారగా పోశాను. అక్టోబరు ఎండలో చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరిగి తిరిగి, ఆగడమే మర్చిపోయింది.

ఆ ఆదివారం మా ఆయన వచ్చి ముచ్చటపడి, "ఒక రౌండ్ వేసి చూస్తా" అంటూ కాలు ఇటునుంచి అటు వేశారు.

"దిగండి," అన్నాను.

ఆ గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన దిగారు. దిగి, గోడకు ఆనుకుని నిలబడ్డారు, కారణం చెప్పేదాకా కదలనన్నట్టు. చెప్పాను.

మా హైస్కూలు పక్కూళ్లో ఉండేది. నాన్న అన్నయ్యకూ నాకూ కలిపి ఒక సైకిలు కొన్నాడు. అన్నయ్య తొక్కేవాడు, నేను వెనక క్యారియర్ మీద. ఆదివారం దాన్ని కడగడం, చువ్వలు తుడవడం, చైనుకు నూనె పెట్టడం నా పని. తుడవడం నా వంతు, తొక్కడం వాడి వంతు. తుడిచాక ఆరబెట్టాలనే నెపంతో వీధి చివరిదాకా తొక్కి వచ్చేదాన్ని, నేర్చుకున్నది అలాగే. తర్వాత అన్నయ్య పది పాసై టౌన్లో కాలేజీలో చేరాడు. కాలేజీ ఒక దిక్కు, మా స్కూలు ఇంకో దిక్కు. సైకిలు కాలేజీ వైపు వెళ్లింది. నన్ను చదువు మానమని ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు.

మా ఆయన గోడ వదిలి వచ్చి హ్యాండిలు నా వైపు తిప్పారు.

"అయితే నువ్వే తొక్కు మరి."

"తొక్కుతాను. బెల్లు ఇంకాస్త మెరవాలి."

ఆ ఇంకాస్త నవంబరు దాటింది. బెల్లు అయ్యాక చువ్వలు, చువ్వలయ్యాక పెడళ్లు, పెడళ్లయ్యాక మళ్లీ బెల్లు. "అది సైకిలా, ఉత్సవ విగ్రహమా? రథం మీద ఊరేగిద్దామా?" అన్నారు మా ఆయన. పక్కింటి అక్క గరాజ్‌లోకి తొంగిచూసి, "తొక్కుతవా, పూజ జేస్తవా చెల్లె? ఏదో ఒకటి జెప్పు, కొబ్బరికాయ తెస్త," అంది. ఇద్దరికీ జవాబు చెప్పి నవ్వించాను. వాళ్లు వెళ్లాక చీర మీద కూర్చుని ఆలోచిస్తే తెలిసింది. తుడవడంలో నేను పడిపోయే ప్రమాదం లేదు. ఆ పని నాకు బాగా వచ్చు, ఎవరూ వద్దనరు. తొక్కితే ఎక్కడికో చేరాలి.

జనవరి వచ్చింది. క్లాసు మొదలయ్యే రోజు పొద్దున్న అద్దాల మీద మంచు గట్టిపడి ఉంది. మా ఆయన బయల్దేరబోతూ, "బాగా చలిగా ఉంది, క్యాబ్ బుక్ చేయనా?" అన్నారు. వద్దన్నాను. ఆయన పాత జాకెట్టు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, గరాజ్ తలుపు ఎత్తి, మొదటిసారి ఆ సీటు మీద కూర్చున్నాను. తొక్కాను. పెడలు తిరిగింది. సైకిలు కదల్లేదు.

చైను ఊడిందేమోనని చూశాను. ఊడలేదు. పెడలు తిరుగుతోంది, చైను పరుగెత్తుతోంది, పళ్లచక్రం తిరుగుతోంది, అసలు చక్రం మాత్రం పెళ్లిలో అలిగిన మేనమామలా కూర్చుంది. వంగి చెవి పెట్టాను. ఫ్రీవీల్లో వినబడాల్సిన కటకట లేదు. లోపల చిన్న చిన్న నాలుకలుంటాయి, అవి లేచి పళ్లను పట్టుకుంటేనే చక్రం కదిలేది. అవి లేవడం లేదు. ఇంకా దగ్గరికి వంగితే తలంటుకున్న వాసన వచ్చింది.

అప్పుడు అర్థమైంది. చలికాలం మొదలైనప్పటినుంచి వంటింట్లో గడ్డకట్టిన కొబ్బరినూనె సీసాను రోజూ వేడినీళ్ల గిన్నెలో నిలబెడుతున్నది నేనే. అదే నూనె గరాజ్‌లో, అదే చలిలో, ఇనుము లోపల ఏంచేస్తుందో ఒక్కరోజూ తట్టలేదు. మా అమ్మ మిషను ఎందుకు ఆగలేదంటే మా ఊళ్లో చలి లేదు గనక. ఒక్కదాన్నే నేల మీద కూర్చుని నవ్వాను.

హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, పొడుగు వైరు పెట్టి, ఫ్రీవీలు మీదికి వేడిగాలి తిప్పి, తలంటుకున్న దాని జుట్టు ఆరబెట్టాను. కొంతసేపటికి నూనె కరిగి బొట్లుగా కారింది. కట్ మంది ఒక నాలుక. ఇంకోటి. ఎక్కి తొక్కాను. వీధి దాటి, చెట్లలోకి, వాగు పక్కకు. మొదట హ్యాండిలు ఎటు పోతే అటు పోయాను. ఎదురుగా పరుగెత్తుకుంటూ వచ్చిన ఒకాయన గడ్డిలోకి దిగి దారిచ్చి, గుడ్ మార్నింగ్ చెప్పాడు. ముక్కులోంచి నీళ్లు, కళ్లలోంచి నీళ్లు. చలికే అని చెప్పుకోవచ్చు.

సగం దారిలో, వంతెన దగ్గర, నూనె మళ్లీ బిగుసుకుంది. పెడలు గాల్లో తిరిగింది. దిగి నడిపించుకుంటూ పోతుంటే ఫోన్ మోగింది.

"చేరావా?"

"దారిలో ఉన్నా."

"ఎలా ఉంది సైకిలు?"

"బాగానే ఉంది. పక్కన నడుస్తోంది."

"వచ్చి తీసుకెళ్లనా? మీటింగ్ చూసుకుంటా."

"వద్దు. మీరు ఇటు వెళ్లడం లేదు కదా."

లైబ్రరీ చేరేసరికి క్లాసు గది తలుపు మూసేశారు. అద్దంలోంచి చూస్తే బల్లల చుట్టూ నా వయసు వాళ్లు, నాకన్నా పెద్దవాళ్లు. బోర్డు దగ్గర నెరిసిన జుట్టు టీచరు ఏదో రాస్తోంది. సైకిలు పట్టుకుని వరండాలో నిలబడ్డాను. పక్కింటి అక్కకు చెప్పడానికి కావలసినంత సరుకు అప్పటికే దొరికింది. సైకిలుకు కొబ్బరినూనె, దానికి హెయిర్ డ్రయ్యర్, వంతెన మీద మొరాయింపు. ఇక్కడినుంచి వెనక్కి తిరిగినా అందరూ కడుపుబ్బా నవ్వుతారు, తర్వాత చదువు సంగతి ఎవరూ అడగరు. నన్ను నేను కూడా అడగను. ఇన్నేళ్లు ఇలాగే నెట్టుకొచ్చానని ఆ తలుపు ముందు నాకు తెలిసింది. ఏ పని సగంలో ఆగినా దాని మీద ఒక జోకు వేసి గట్టెక్కడం.

తలుపు తోశాను. అందరూ తిరిగి చూశారు. టీచరు నా చేతులు, నా వెనక సైకిలు చూసి, దాన్ని లోపలే గోడకు ఆనించమంది, ఆలస్యం సంగతి అడగలేదు. ఒక మెక్సికో ఆవిడ పక్క కుర్చీలో ఉన్న తన సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. కూర్చున్నాను.

బోర్డు మీద భిన్నాలు ఉన్నాయి. తొమ్మిదో తరగతికి ముందే నేర్చుకున్నవి, ఎప్పుడో మర్చిపోయినవి. ముప్పావులో సగం ఎంత, ఎవరు చెప్తారని టీచరు అడిగింది. నాలుక చివరికి ఒక జోకు వచ్చింది, ఇంగ్లీషులో దాన్ని ఎలా చెప్పాలో కూడా తెలుసు. దాన్ని మింగి చెయ్యెత్తాను. పావు అన్నాను. తప్పట. టీచరు ఒక గుండ్రం గీసి ముక్కలు చేసి చూపించి, మళ్లీ అడిగింది.

మళ్లీ చెయ్యెత్తాను.