నూనె చేతులు

మామిడి కోతల రోజుల్లో మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది నూనె సీసా. ముచ్చిక తుంచగానే చిమ్మే సొన చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే మా ఆగిరిపల్లి తోటల్లో కోతకు వెళ్ళే ఆడవాళ్ళు మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టిస్తారు. చదువు ఆపి తోటకు వెళ్ళడం మొదలుపెట్టిన నాటి నుంచి నా చేతులకు నూనె రాసేది అమ్మే. నేను రాసుకుంటే వేళ్ళ సందులు వదిలేస్తానని ఆమె ఫిర్యాదు. నిజమే, వదిలేసేదాన్ని.

హనుమాన్ జంక్షన్ అవతల ఉన్న విదేశీ కంపెనీ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో కొత్త షెడ్డు వేశారని, ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసింది. ఇక అమ్మకు వేరే ధ్యాస లేదు. సొన మచ్చలు పడని పని నాకు దొరకాలి, అంతే. ఆమె ముంజేతుల నిండా ఆ మచ్చలే. పెళ్ళిళ్ళకు వెళ్తే కొంగు లాక్కుని కప్పుకుంటుంది.

ఫ్యాక్టరీలో పెట్టే పరీక్షకు వెళ్ళే ఉదయం, పనికి పోయే చేతులు కదా అని అలవాటుగా నూనె రాసేసింది. నాకూ తట్టలేదు. పైపైన తుడుచుకుని బస్సెక్కాను.

అక్కడ ఒక ఆకుపచ్చ బోర్డు ఇచ్చి, దాని మీద నూకంత ముక్కలను వరుసగా పెట్టమన్నారు. బాగానే పెట్టాను. పని నేర్పే మేడమ్ బోర్డును లైటు కింద వంచి చూసింది.

“చేతులకి ఏం రాసుకున్నారండీ?”

“కొబ్బరినూనండీ.”

“జిడ్డుంటే ఇవి అతుక్కోవండీ. బోర్డు పాడైపోద్ది. వచ్చే వారం ఇంకో బ్యాచ్ ఉంది, శుభ్రంగా కడుక్కుని రండి.”

ఇంట్లో, మళ్ళీ రమ్మన్నారని మాత్రమే చెప్పాను. కానీ నాతో వచ్చిన పక్కింటి పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు. కుళాయి దగ్గర నవ్వుతూ చెప్పేసింది. అమ్మ కూడా నవ్విందట. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముట్టలేదు.

“నా చేత్తో నేనే నీ పని చెడగొట్టాను కదే,” అంది.

కాదన్నాను. వినలేదు. అమ్మ మొండితనం ముందు నేనెంత?

మరుసటి వారం ఉద్యోగం వచ్చింది. మా వీధి నుంచే ఇంకొందరు చేరారు. కోతకు మనుషులు దొరకడం లేదని తోట కౌలుకు తీసుకున్నాయన ఇల్లిల్లూ తిరిగి విసుక్కుంటున్నాడు. అమ్మ మాత్రం కోతకు వెళుతూనే ఉంది. మానేయమంటే మానదు. నాకు ఒళ్ళు మండుతుంది.

మొన్న డ్యూటీకి బయలుదేరుతుంటే మెడ వెనక కాలర్ మడతపడింది. సరిచేయమని అమ్మ ముందు నిలబడ్డాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

“నూనె చేతులే. నువ్వే సర్దుకో.”

“అక్కడ కోటు ఇస్తారమ్మా, గ్లౌజులు ఇస్తారు. ఏం కాదు.”

“అయినా వద్దులే. బస్సొచ్చే టైమైంది, వెళ్ళు.”

ఒక అడుగు వెనక్కి కూడా వేసింది. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి, పనికి వెళ్ళే ముందు అమ్మ నన్ను ఒక్కసారి కూడా ముట్టుకోలేదని అప్పుడు తెలిసింది.