రాగి గుండిగ అడుగున నాలుగు పేర్లు

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డుపడి ఉంది. అన్నం తింటున్నా, ఫోన్‌లో చెల్లెలితో మాట్లాడుతున్నా, బస్సు కోసం మంచులో నిలబడినా అది అక్కడే ఉంటుంది. మీరెవరో నాకు తెలియదు, నా పేరు మీకు చెప్పను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలక మీ దగ్గరికి వచ్చాను. చివరిదాకా వినండి. మధ్యలో "పోనీలెండి" అని మాత్రం అనకండి. ఆ మాట వింటే నేను అక్కడితో ఆగిపోతాను, నాకు తెలుసు.

మేముండేది కేంబ్రిడ్జ్ దాటి ముప్పావు గంట వెళితే వచ్చే చిన్న ఊరు. యూనివర్సిటీ ఉన్న ఆ కేంబ్రిడ్జ్ కాదు, వలస వచ్చినవాళ్లు ఈ మంచుదేశంలో అదే పేరు పెట్టుకున్న ఊరు. మా ఆయనకు అక్కడ వేర్‌హౌస్‌లో ఉద్యోగం దొరికితే వచ్చాం. తెనాలిలో నేను పదమూడేళ్లు సోషల్ టీచర్‌ని. క్లాసులో అడుగుపెడితే పిల్లలు కిమ్మనేవాళ్లు కాదు. ఇక్కడ నా సర్టిఫికెట్లు ఎందుకూ పనికిరాలేదు. కాఫీ షాపులో కప్పులు కడిగాను. రెండేళ్లపాటు నన్నెవరూ ఏ విషయంలోనూ అభిప్రాయం అడగలేదు.

ఊరి చివర నది ఒడ్డున ఒక మ్యూజియం ఉంది. అడవి కొట్టి ఈ ఊరు కట్టుకున్న మొదటి తరం వాళ్ల ఇళ్లూ కొట్లూ అక్కడ అలాగే ఉంచారు. పిండిమర, కమ్మరి కొలిమి, గుర్రాల జీనులు కుట్టే కొట్టు, రాగి పాత్రలు చేసి కళాయి పూసేవాడి గది. (వాళ్లకన్నా ముందు ఆ నది ఒడ్డున బతికినవాళ్ల గురించి బోర్డు మీద ఒక్క వాక్యం ఉంటుంది. సోషల్ టీచర్‌ని కదా, అలాంటివి నా కంట పడతాయి.) వాలంటీర్లు కావాలంటే వెళ్లాను. బడిపిల్లలు వచ్చినప్పుడు వాళ్లకు అన్నీ చూపించి చెప్పడం నా పని. మొదటి రోజే ఒక పిల్ల "మిస్" అని చెయ్యెత్తింది. ఆ రోజు ఇంటికొచ్చి సంతోషంతో ఏడ్చాను. నేనెందుకు అబద్ధమాడానో మీకు అర్థం కావాలని ఇదంతా చెబుతున్నాను. సాకు చెబుతున్నానా? కొంత సాకే.

కొలిమి డెనిస్ చేతిలో ఉండేది. హామిల్టన్‌లో ఉక్కు పని చేసి రిటైరైన మనిషి, అప్పటికి డెబ్బై ఆరేళ్లు. ఇక్కడ అంత పెద్దవాళ్లను కూడా పేరు పెట్టి పిలుస్తారు. నాకు నోరు రాక అంకుల్ అన్నాను. ఆయన పగలబడి నవ్వి, తర్వాత ఆ పిలుపు తనకు హక్కు అన్నట్టు తీసుకున్నారు. ఆ ఊళ్లో నా పేరు మొత్తం సరిగ్గా పలకడం నేర్చుకున్నది ఆయనొక్కరే.

ఆ ఏడు ఏప్రిల్‌లో రూత్ గారని ఎనభై దాటిన ఆవిడ మ్యూజియానికి ఒక రాగి గుండిగ ఇచ్చింది. ఆపిల్ గుజ్జు ఉడికించే పెద్ద గుండిగ. దాన్ని చేసింది ఆవిడ ముత్తాత, ఆ ఊరి మొదటి కంచరి. వచ్చిన రెండో చలికాలంలో గొంతు జబ్బుతో ఆయన పిల్లలు నలుగురు పోయారట. ఊళ్లోకి కమ్మరి వచ్చాడు, వడ్రంగి వచ్చాడు, రాయి చెక్కేవాడు ఇంకా రాలేదు. సమాధుల మీద చెక్కలు పాతితే కొన్నాళ్లకు పుచ్చిపోయాయి. అందుకని ఆ తండ్రి ఒక గుండిగ చేసి, దాని అడుగున నల్లరంగుతో నాలుగు పేర్లు రాసి, దాన్ని ఏనాడూ పొయ్యి ఎక్కించకుండా ఇంట్లో వేలాడదీశాడు. రాగి నల్లబడి ఆ పేర్లు ఏటవాలు వెలుతురులో తప్ప కనిపించేవి కావు. రూత్ గారికి కళ్లలో శుక్లాలు. చిన్నప్పుడు వాళ్లమ్మ చదివి వినిపించిన పేర్లలో పెద్దపిల్ల ఆనా పేరొక్కటే ఆవిడకు గుర్తుంది. గురువారం కెమెరా మనిషి వచ్చి ఫొటోలు తీస్తే, ఆ పేర్లతో శ్మశానంలో రాయి నిలబెట్టించాలని ఆవిడ ఆశ. తను పోయేలోగా.

ఇవన్నీ ఆవిడ చెబుతున్నప్పుడు నేను అక్కడ లేను. కాఫీ షాపులో డ్యూటీలో ఉన్నాను.

మంగళవారం మధ్యాహ్నం వెళ్లాను. శనివారం నుంచి సందర్శకుల సీజన్ మొదలు. ఇంటికి వెళ్లిపోతూ డెనిస్ గేటు దగ్గర ఎదురయ్యారు, లోపల ఎవరూ లేరు. కంచరి గదిలో బల్ల మీద నల్లగా గుండిగ. అంత మంచి రాగిని ఇలా వదిలేశారేమిటా అని ప్రాణం ఉసూరుమంది. మన ఇళ్లలో పండగ ముందు రాగీ ఇత్తడీ తళతళలాడకపోతే ఊరుకుంటామా? వెనక్కి ఇంటికెళ్లి డబ్బాలో చింతపండు, ఉప్పు తెచ్చుకున్నాను. అందరూ వచ్చి చూసి ఆశ్చర్యపోవాలని.

గంటన్నర తోమాను. పులుపు తగలగానే రాగి ఎర్రగా మెరిసింది. అడుగున మాత్రం ఒకచోట నలుపు మొండికేసింది. స్టీలు పీచు తీసుకుని అక్కడే, సరిగ్గా అక్కడే, భుజం నొప్పి పుట్టేదాకా రుద్దాను.

ఇక్కడ ఒక విషయం ఉంది. మా ఆయనకు చెప్పినప్పుడు కూడా దీన్ని దాటేశాను. రుద్దుతుండగా ఒక గీత కనిపించింది. వంపు తిరిగిన గీత, కుంచెతో వేసినది. మసికి వంపు ఉండదు. ఆ క్షణం నా చెయ్యి ఆగింది. ఏదో రాతేమో అనిపించిందా? అనిపించింది. మరి ఎందుకు ఆపలేదు? సగం మెరిసి సగం నల్లగా ఉంటే బాగుండదని. అంతే. పదమూడేళ్లు పిల్లలకు శాసనాల గురించి పాఠం చెప్పినదాన్ని, మరకను వదల్లేక రాతను చెరిపాను.

గురువారం అందరం గదిలో ఉన్నాం. రూత్ గారు కుర్చీలో కూర్చుని ఉంది. మ్యూజియం ఇన్‌చార్జి గుండిగను తిప్పి కిటికీ వెలుతురుకు అటూ ఇటూ వంచి చూశారు. కెమెరా మనిషి కెమెరా కిందికి దించాడు. రూత్ గారు వేళ్లతో అడుగు తడిమి, "ఇంత నున్నగా ఉందేమిటి?" అంది. అప్పుడే కథంతా నాకు తెలిసింది. ఇన్‌చార్జి చెబుతుంటే విన్నాను.

గుండిగకు పులుపు వాసన ఇంకా ఉంది. చింతపండు అంటే ఏమిటో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. కొలిమిలో ఇనుప సామాను తుప్పు వదిలించడానికి డెనిస్ వాడే వెనిగర్ సీసా మాత్రం అందరికీ తెలుసు. మంగళవారం పొద్దున ఆయన పనిముట్లన్నీ తోమారు. ఆ నెలలోనే రెండుసార్లు తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోయారు. ఎవరూ ఆయన్ను నిందించలేదు. జాలిగా చూశారు, అది ఇంకా ఘోరం.

ఆయన నావైపు తిరిగారు. ఆ గదిలో ఆయన నమ్మిన మనిషిని నేనే అనుకుంటాను.

"మంగళవారం నువ్వొచ్చావు కదా. నేను దీన్ని తోముతుంటే చూశావా? నాకేమీ గుర్తురావడం లేదు."

"చూసినట్టే ఉంది అంకుల్."

ఇంగ్లిష్‌లో అన్నాను. తెలుగులో రాసుకుంటే ఇంకా నీచంగా ఉంది. గట్టిగా చూశానని కూడా అనలేదు. చూసినట్టే ఉందట! రేపు నిజం బయటపడితే తప్పించుకోవడానికి ఆ సందు కూడా ఉంచుకున్నాను. నేనే అంటే ఏమయ్యేది? తిట్టేవారు. రావద్దనేవారేమో. మళ్లీ కప్పులు కడుక్కునేదాన్ని. అంతకన్నా ఏముంది? ఆ ఒక్క "మిస్" అనే పిలుపు కోసం ఒక మనిషి దగ్గర ఆయన బుర్రనే లాక్కున్నాను.

ఆయన తల ఊపి, "అయితే నేనే అయ్యుంటాను" అన్నారు. జేబులోంచి కొలిమి తాళాలు తీసి బల్ల మీద పెట్టారు. రూత్ గారి ముందు వంగి క్షమాపణ అడిగారు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

మళ్లీ వారం తనంతట తనే డాక్టర్ దగ్గరికి వెళ్లారట. డ్రైవింగ్ మానేశారు. తన మీద తనకు నమ్మకం పోయిన మనిషి ఎంత త్వరగా ముసలివాడవుతాడో నేను కళ్లారా చూశాను. బజార్లో కనిపిస్తే కొన్న వస్తువులు రెండుసార్లు లెక్క చూసుకునేవారు. పొయ్యి ఆర్పానా లేదా అని దారిలోంచి వెనక్కి వెళ్లేవారు. రెండేళ్లకు ఆయన కూతురు కేంబ్రిడ్జ్‌లో ఒక వృద్ధుల హోమ్‌లో చేర్చింది. తర్వాత నిజంగానే మతిమరుపు వచ్చింది. అది ఎలాగూ వచ్చేదేనా? ఏ డాక్టరూ నాకు చెప్పలేడు. రూత్ గారు మరుసటి ఏడు పోయింది. శ్మశానంలో రాయి ఉంది. దాని మీద ఆనా అని, కింద తోబుట్టువులు ముగ్గురు అని ఉంది. నేను ఇప్పటికీ మ్యూజియంలో పిల్లలకు కథలు చెబుతున్నాను. గుండిగ దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్లు తాగడానికి పక్కకు వెళ్తాను.

కిందటి నెల ఇక ఉండబట్టలేక మా ఆయనకు చెప్పాను. వేర్‌హౌస్ నుంచి అలిసిపోయి వచ్చిన మనిషి, సాక్సు విప్పుతూ విన్నారు.

"ఇప్పుడవన్నీ ఎందుకే? ఆ పెద్దాయనకి ఏవీ గుర్తుండవంటున్నావ్‌గా. వదిలెయ్, నువ్వూ మర్చిపో."

పాపం, నా మంచికే అన్నారు. కానీ ఆదివారం బస్సెక్కి హోమ్‌కి వెళ్లాను. డెనిస్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. కూతురి పేరు కూడా మరిచిపోయారని నర్సు ముందే చెప్పింది. నన్ను ఎవరనుకున్నారో తెలియదు. కాసేపు చూసి, నా చెయ్యి దగ్గరికి తీసుకుని, "రూత్ గుండిగ నేనే పాడుచేశాను. ఆ పిల్లల పేర్లు చెరిపేశాను. కావాలని చేయలేదని ఆవిడకు చెబుతావా?" అన్నారు.

అన్నీ పోయి అదొక్కటి మిగిలింది. ఆయన చేయనిది.

"మీరు కాదు అంకుల్, నేను. నేను తోమాను" అన్నాను. మూడుసార్లు చెప్పాను. చివరికి అరిచాను కూడా, నర్సు తొంగిచూసింది. ఆయన నా చెయ్యి నిమిరి, "నువ్వు మంచి మనసున్నదానివి. నా కోసం అలా అంటున్నావు" అన్నారు. నా ఏడుపు చూసి ఓదార్చారు.

నన్ను క్షమించమని అడగను. ఆ అర్హత ఉన్నవాళ్లలో ఒకరు మట్టిలో ఉన్నారు, ఒకరికి నా మాట చేరదు. ఇన్నేళ్లకు ఈ వాక్యాలు నా చేత్తో రాయగలిగాను, ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి ఏమీ రాలేదు. మీ నుంచి నాకు ఒక్కటే కావాలి. ఆయన నమ్మలేదు, మీరైనా నమ్మండి. ఆ గుండిగ తోమింది నేను.